మైనస్ యు కొట్టిన చెయ్యి

నా సర్వీసు మొత్తంలో నా చేతి కింద ఒక్క ఫైలు పోలేదు. ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో, పత్తి కొనుగోళ్లు మొదలయ్యే రోజు పొద్దున, గేటు బయట బండ్లు వరస కట్టి ఉండగా తేమ కోత లెక్క కట్టే ఫైలు మాయమైంది. కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, చాయ్ చల్లారకముందే దాన్ని పట్టుకొచ్చినవాణ్ని నేను. కరీంనగర్‌లో కంప్యూటర్ పని చేసే ఎవరిని అడిగినా ఈ సంగతి చెబుతారు. మీకెవరు చెప్పారని అడిగితే మాత్రం, సదానందం సారే చెప్పాడంటారు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఏ హోదా ఎప్పుడొచ్చింది, ఎవరు శాలువా కప్పారు అన్నవి మీకు అక్కర్లేదు. అక్కరకొచ్చేది ఒకటే. ఈ పనిలో ఏది ఎట్లా పోతుంది, పోయినప్పుడు మనం ఎవరిని అనుమానిస్తాం. మా పనిలో సగం అనుమానమే. మిగతా సగం, ఆ అనుమానం తప్పని తేలాక మొహం ఎక్కడ పెట్టుకోవాలో వెతుక్కోవడం.

ఒకే కుర్చీ, ఒకే పేరు

మా ఆఫీసు కరీంనగర్‌లో ఒక టైర్ల దుకాణం మీద ఉండేది. మేము చేసేది కాంటా ప్రోగ్రాం. లారీయో ట్రాక్టరో కాంటా మీదికి ఎక్కగానే బరువు తెర మీద పడాలి, స్లిప్పు చేతికి రావాలి. హుజూరాబాద్ వైపు రైస్ మిల్లులు, శ్రీరాంపూర్ దగ్గర బొగ్గు లారీల యార్డులు, ఆదిలాబాద్‌లో పత్తి మిల్లులు మా గిరాకీ.

సాఫ్ట్‌వేర్ అనగానే మీకు అద్దాల మేడ గుర్తొస్తుందేమో. మా మేడ కాంటా రూము. ఒక కిటికీ, ఒక ఫ్యాను, ఒక కంప్యూటర్, దాని మీటల సందుల్లో పత్తి పీచు. మిల్లువాళ్లు మా ల్యాప్‌టాప్‌లను తమ మిషిన్‌కు తగిలించనిచ్చేవారు కాదు. ఏం తెస్తారో, ఏం పట్టుకుపోతారో అని వాళ్ల అనుమానం. అందుకని ఎవరు పోయినా వాళ్ల కంప్యూటర్ ముందే కూర్చుని ప్రోగ్రాం రాయాలి. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చోవాలి. అందరికీ ఒకటే లాగిన్. ఎవరు ఏం రాసినా దాని మీద పడే పేరు అడ్మిన్.

ఇక్కడ గిట్ గురించి రెండు ముక్కలు. ప్రోగ్రాంలో ఏ అక్షరం ఎప్పుడు మారిందో గుర్తుపెట్టుకునే ఏర్పాటు అది. దానికి ఒకసారి అప్పజెప్పిన ఫైలును తరువాత ఎవరు ముట్టుకున్నా, ఏ అంకె ఎట్లా మారిందో బయటపడుతుంది. కానీ అప్పజెప్పని కొత్త ఫైలును అది ఎరగదు. పక్కనే పడి ఉన్నా పట్టించుకోదు. దాన్ని మార్చినా చెరిపినా సాక్ష్యం ఉండదు. అట్లాంటి ఫైలును అన్‌ట్రాక్డ్ అంటారు.

స్టాష్ అనేది ఇంకో సదుపాయం. ఇంటికి చుట్టాలు చెప్పకుండా వస్తే మంచం మీది బట్టలు, సగం ఏరిన చిక్కుడుకాయలు, పిల్లల పలకలు అన్నీ ఒక దుప్పట్లో మూటగట్టి లోపలి అర్రలో పడేస్తాం కదా, అదీ స్టాష్. చుట్టాలు పోయాక మూట విప్పుకుంటే మన పని మనకు దొరుకుతుంది. సగం పనిలో కుర్చీ ఖాళీ చెయ్యాల్సిన మా బోటివాళ్లకు అది లేకపోతే గడవదు. కాకపోతే దానికి ఒక తిక్క ఉంది. అది తాను ఎరిగిన సామానునే మూటగడుతుంది. అన్‌ట్రాక్డ్ ఫైలు అర్రలోకి పోదు, చుట్టాల కాళ్ల కిందే పడి ఉంటుంది. దాన్ని కూడా మొయ్యాలంటే చివర మైనస్ యు అని కొట్టాలి.

బామ్మర్ది ఎడ్లబండి

ఆ మైనస్ యు నాకు హుజూరాబాద్‌లో అబ్బింది. అక్కడి రైస్ మిల్లులో స్లిప్పుకు కొత్త నమూనా రాస్తున్నాను. కొత్త ఫైలు. బండి పేరు ఉండాల్సిన చోట ఊరికే, సరదాకి, 'మా బామ్మర్ది ఎడ్లబండి' అని కొట్టిపెట్టాను. ఇంతలో ఇంకో పని మీద కుర్చీ ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. స్టాష్ అని కొట్టి లేచాను. పాత పనంతా లోపలికి పోయింది, కొత్త ఫైలు నడింట్లో ఉండిపోయింది. మా ప్రోగ్రాం కళ్లు మూసుకుని అన్నిటికన్నా కొత్త నమూనాను ఎత్తుకునే రకం. ఆ పూట మిల్లుకు వచ్చిన ప్రతి బండీ మా బామ్మర్ది ఎడ్లబండే.

ఒక రైతు స్లిప్పు పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు.

"సారూ, ట్రాక్టర్ నాది, డీజిల్ నాది. నడుమ గీ బామ్మర్ది ఎవడు?"

"వైరస్" అన్నాను గంభీరంగా.

"వైరస్‌కు గూడ బామ్మర్ది ఉంటడా?"

ఆ స్లిప్పుల్లో ఒకటి తిరిగి తిరిగి మా బామ్మర్ది చేతిలోనే పడింది. మా ఇంటి పెళ్లికి కూడా ఎడమొహంగానే వచ్చిపోయాడు. అప్పట్నుంచి స్టాష్ అని కొడితే మైనస్ యు కొట్టనిదే నా వేలు ఆగదు.

మధుకర్ రావు గారి రూలు

మా యజమాని మధుకర్ రావు గారికి ఖానాపూర్ దగ్గర పొలాలు. కార్తె వస్తే అక్కడ, లేకపోతే మా నెత్తి మీద. ప్రోగ్రాం ఆయనకు రాదు, మనుషులు మాత్రం బాగా తెలుసని ఆయన నమ్మకం. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. కొత్త ఫైలు ఏదైనా సరే, తెర మీద తాను కళ్లారా చూసేదాకా గిట్‌కు అప్పజెప్పగూడదు. తప్పుడు సరుకు లోపలికి పోతుందని భయం. దానివల్ల జరిగిందేమిటంటే, మంచి సరుకు కూడా ఆయన రాక కోసం వాకిట్లో పడిగాపులు పడేది. అది దండగమారి రూలు. ఈ మాట ఆయన ముందు అనడానికి నాకు ఎన్నడూ నోరు రాలేదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న రెండోది ఒక మాట. ఆఫీసులో పెన్ను కనపడకపోయినా అదే అనేవాడు: "వస్తువు పోయిందంటే ఎవడో తీసిండు. గాలికి ఎగిరిపోయేటందుకు గదేమన్న పత్తా?" నేను దాన్ని వేదంలాగా నమ్మాను.

సమీనా రాసిన ఫైలు

సమీనా ఆదిలాబాద్ పిల్ల. వాళ్ల నాన్నకు అక్కడ మోటారు సామాన్ల దుకాణం. చదువయ్యాక కరీంనగర్‌లో మా దగ్గర చేరింది. చేరిన వారంలోనే చెప్పింది: "ఉద్యోగంల ఒక్క మాట పడ్డా ఇంటికొచ్చి దుకాణంల కూసోవాలె అన్నడు సార్ మా అబ్బా. గందుకే నన్ను ఏమన్న అనేముందు జర ఆలోచించుండ్రి." నవ్వుతూనే అంది. కానీ ఆ ఉద్యోగం ఆమెకు ఎంత ముఖ్యమో నాకు తెలుసు.

ఆదిలాబాద్ మిల్లులో తేమ కోత ఫైలు రాసింది ఆమె. పత్తిలో తేమ హద్దు దాటితే ధరలో కోత పడుతుంది. అంతకుముందు ఆ కోత మిల్లు లెక్కలు రాసే మునీం నోటి మాట. ఆయన ఎంతంటే అంత, రైతు అడిగేది లేదు. ఇప్పుడు తేమ మిషిన్ చూపిన అంకె కొడితే కోత ఎంతో ప్రోగ్రామే చెబుతుంది. ఫైలు తయారైంది. కొనుగోళ్లు సోమవారం మొదలు. మధుకర్ రావు గారు వచ్చి చూసేది మంగళవారం. అంటే సోమవారమంతా గిట్ ఎరగని ఫైలుతోనే పని నడవాలి.

శనివారం మధ్యాహ్నం నేను కుర్చీలో కూర్చుని స్లిప్పులో మార్పులు చేస్తున్నాను. మిల్లు యజమాని సేఠ్ తన కేబిన్‌లోంచి పిలిచాడు. ఆ కేబిన్‌కూ కాంటా రూముకూ మధ్య గోడ లేదు, ప్లైవుడ్ చెక్క ఒకటి నిలబెట్టి ఉంది.

"మాస్టర్, రా భాయ్, చాయ్ తాగుదాం."

పోయాను. నేను లేవగానే సమీనా కుర్చీలో కూర్చుంది. చాయ్ సగంలో అసలు మాట బయటికొచ్చింది.

"గీ కోత జర ఎక్కువ పడేటట్టు చూడరాదు? ఎవనికి ఎరుకైతది? మిషిన్ చెప్పిందంటే రైతు నోరు మూస్తడు."

నేను గ్లాసు కింద పెట్టాను. సేఠ్ కళ్లల్లోకి చూశాను. "రైతు పత్తి మీద చెయ్యి పెట్టను సేఠ్. ఆ పనికి వేరేవాణ్ని చూసుకో" అన్నాను. లేచి బయటికి వచ్చేసరికి సమీనా కుర్చీ ఖాళీ చేసి ఇంటికి పోయింది.

సోమవారం

పత్తి కాలంలో మొదటి రోజు కాంటాకు పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టనిదే తూకం మొదలుపెట్టరు. ముహూర్తం పదకొండుకు. నేను ఎనిమిదికే వచ్చి కంప్యూటర్ తెరిచాను. తేమ కోత ఫైలు లేదు.

ముందు సేఠ్‌ను అనుమానించాను. కారణం, ఆయన మొహంలో బాధ లేదు. "ఫికర్ చెయ్యకు మాస్టర్. మిషిన్ లేకుంటే మా మునీం చేతితోని రాస్తడు. ఎన్నేండ్ల సంది రాస్తలేడా?" అన్నాడు. తరువాత మునీంను అనుమానించాను. ఆదివారం ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన మనిషిని కూడా వదల్లేదు. ఇంతలో సమీనా వచ్చింది.

"ఫైలు లేదు" అన్నాను.

సంచి మేకుకు తగిలించింది కానీ ఏ ఫైలు అని అడగలేదు. అది నేను పట్టుకున్నాను. శనివారం చివర కుర్చీలో కూర్చున్నది కూడా ఆమే. హైదరాబాద్‌లో వేరే ఆఫీసువాళ్లు పిలుస్తున్నారని ఎక్కడో విన్నాను. మూడూ కలిపితే నాకు దొంగ దొరికినట్టే అయింది.

అయినా పద్ధతి ప్రకారం స్టాష్ అంతా వెతికాను. అందరం ఒకే పేరుతో కట్టిన మూటలు, దేని మీదా ఏముందో రాసిన పాపాన పోలేదు. ఒక్కొక్కటీ షో అని కొట్టి లోపల ఏముందో చూశాను. అన్నిటికన్నా పైనున్న మూటలో నా స్లిప్పు మార్పులు కనిపించాయి. అది నాదే. మిగతావి పాత చెత్త. తేమ కోత ఎక్కడా లేదు.

"స్టాష్‌ల లేదు" అని ప్రకటించి, బయటికి పోయి ఖానాపూర్‌లో ఉన్న మధుకర్ రావు గారికి ఫోన్ చేశాను.

"సార్, ఫైలు పోయింది. నాకైతే పిల్ల మీదనే అనుమానం."

"నేనేం చెప్పిన? ఎవడో తీస్తేనే పోతది. ఇప్పుడే బయలుదేరుతున్న. నేను వచ్చేసరికి ఫైలు లేకుంటే ఆమెకు ఇయ్యాల్నే ఆఖరు రోజు. వాళ్ల నాయనకు గూడ ఎందుకు తీసేసిన్నో నేనే చెప్త."

లోపలికి వచ్చాను. ప్లైవుడ్ చెక్కకు, కిటికీకి చెవులుంటాయి కదా, ఆమెకు తెలిసిపోయింది.

"సార్‌కు ఫోన్ చేసిండ్రా?"

"చేసిన."

"వస్తుండా?"

"వస్తుండు."

"మంచిది" అని సీసా ఎత్తి నీళ్లు తాగింది. ఎంత గుండె ధైర్యం అనుకున్నాను.

నాకే ఉండబట్టలేదు. "సమీనా, తీస్తే తీసిన్నని చెప్పు. సార్‌కు నేను నచ్చజెప్త."

"మీరు నచ్చజెప్పుడు నాకొద్దు సార్."

"మీ అబ్బాకు తెలిస్తే..."

"మా అబ్బా పేరు తియ్యకుండ్రి."

బ్రష్షు తీసుకుని మీటల మధ్య పత్తి పీచు దులపడం మొదలుపెట్టింది. చేతులు వణుకుతున్నాయి. అది కూడా నా లెక్కలో సాక్ష్యమే.

ఒక ముసలి రైతు కిటికీలోంచి తొంగిచూశాడు. "బిడ్డా, ఇయ్యాల కోత మిషిన్ చెప్తదా, మునీం చెప్తడా?"

"మిషినే చెప్తది కాకా. జర ఆగు."

ఎంత తొణక్కుండా అబద్ధం ఆడుతోందో అనుకున్నాను.

ముహూర్తానికి ముందే మధుకర్ రావు గారు దిగాడు. చెప్పులకు పొలం బురద ఇంకా ఆరలేదు. "ఏదమ్మా ఫైలు?" అని గుమ్మంలోంచే కేక.

సమీనా కుర్చీ లాక్కుని కూర్చుంది. అన్నిటికన్నా పైనున్న మూట విప్పింది. నా స్లిప్పు మార్పులు బయటపడ్డాయి, వాటి వెనకే తేమ కోత ఫైలు.

"గిదే సార్. స్టాష్‌ల ఉండె."

"సదానందం! లేదంటివి గదయ్యా?"

నేను తెర మీదికి వంగి చూశాను. ఆమె ఆగలేదు. ఫైలు తెరిచి ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి, తేమ ఇంతుంటే కోత ఇంత అని ఆయనకు చూపించింది. ఆయన ప్రతిదానికీ తలూపాడు. "మళ్ల పోతే పరేషాన్ సార్. మీ ముందటనే గిట్‌ల చేరుస్త" అంది. చేర్చు అన్నాడు. చేర్చింది. బయట కొబ్బరికాయ పగిలింది, మొదటి ట్రాక్టర్ కాంటా ఎక్కింది. కొబ్బరి ముక్కలు పంచుతుంటే సేఠ్ మాత్రం కేబిన్‌లోంచి రాలేదు.

"ఇంతకు లోపల పెట్టిందెవరు?" అన్నాడు మధుకర్ రావు గారు.

నేను ఆలోచించాను. మూటలో ఉన్నది నా స్లిప్పు పని. అంటే మూట నాది. హుజూరాబాద్ నుంచి నా వేలికి మైనస్ యు అలవాటు. సేఠ్ పిలుపుకి లేస్తూ నేనే కొట్టి ఉంటాను, పక్కనున్న ఆమె ఫైలు కూడా మూటలోకి పోయి ఉంటుంది. మరి షో కొడితే ఎందుకు కనపడలేదు? అదీ అప్పుడే నేర్చుకున్నాను. షో అన్‌ట్రాక్డ్ ఫైళ్లను చూపించదు, వాటిని విడిగా అడగాలి. మీరు ఇది మరిచిపోకండి, నాలాగా స్టాష్‌లో లేదని ఒట్టు పెట్టకండి.

"నేనే సార్" అన్నాను.

"ముసలోనివైనవ్" అన్నాడాయన అందరి ముందూ. సమీనా మొదటి స్లిప్పు చింపి కిటికీలోంచి అందించింది.

కనుక మొదట్లో రాసింది కొంచెం సాగదీశాను. చాయ్ చల్లారింది. ఒకటి కాదు, తెచ్చినవన్నీ చల్లారాయి. ఫైలు పట్టుకొచ్చింది నేను కాదు. కుర్చీలోంచి లేవలేదన్నది కూడా నిజం కాదు, ఒక ఆడపిల్ల ఉద్యోగం మీదికి తెచ్చే ఫోన్ చెయ్యడానికి లేచాను. పాలిటెక్నిక్‌ల వాళ్లు పిలిస్తే పోయి ఈ కథే చెబుతాను. చివర బోర్డు మీద పెద్దక్షరాలతో రాస్తాను: 'ముందు మీ చెయ్యిని అనుమానించండి.' పిల్లలు చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ల పనిలో నేను సంపాదించుకున్న తెలివి అదొక్కటే.

సమీనా చదివాక

మధుకర్ రావు గారు పొలానికే పరిమితమయ్యాక ఆ టైర్ల దుకాణం మీది ఆఫీసును ఇప్పుడు సమీనాయే నడుపుతోంది. అచ్చుకు ఇచ్చేముందు ఈ కాగితాలు ఆమెకు చూపించాలనిపించి మెట్లెక్కాను. బామ్మర్ది దగ్గర పగలబడి నవ్వింది. సేఠ్ చాయ్ దగ్గర నవ్వు ఆపింది. చివరిదాకా చదివి కాగితాలు బల్ల మీద పెట్టింది.

"సార్, మీరు గొప్పలు చెప్తె నవ్వుకుంట ఊకుంటం. తప్పు గూడ నాదే అని గొప్పకు పోతె ఎట్ల?"

"అంటే?"

"ఆ శనివారం మీరు స్టాష్ చెయ్యనే లే. సేఠ్ పిలువంగనే పని సగంల ఇడిచిపెట్టి చాయ్‌కు ఉరికిండ్రు. మైనస్ యు కొట్టింది నేను. మీ స్లిప్పు, నా ఫైలు ఒక్క మూటల కట్టి లోపల పెట్టిన. షో కొడితే మీకు మీ స్లిప్పే కనవడ్తదని గూడ నాకెరుక."

"ఎందుకు?"

"రైతు పత్తి మీద చెయ్యి పెట్టనన్నరా మీరు? గ్లాసు కింద పెట్టిండ్రా? నేను చెక్క ఇవుతల్నే ఉన్న సార్. 'చూద్దాం సేఠ్' అన్నరు. ఇంకో చాయ్ అడిగిండ్రు."

"చూద్దాం అంటే చేస్తానని కాదు గదా సమీనా."

"చెయ్యనని గూడ కాదు. నా ఫైలు గిట్‌ల లేదు. ఆదివారం మీరొచ్చి ఒక్క అంకె మారిస్తే ఎవరికి ఎరుకైతుండె? నేను గిట్‌ల పెడితే, రూలు తప్పిన్నని మీరే చెప్తురు. సార్ వచ్చేది మంగళవారం. ఫైలు పోయిందంటేనే ముందు ఉరికొస్తడు, చూసి గిట్‌ల పెట్టనిస్తడు. పోయిందంటే మీరు నా మీదనే ఫోన్ చేస్తరు. గది గూడ ఎరుకే."

"నీ నౌకరి పోతుండె గదా!"

"పోతుండె. చేతులు వణికినయని మీరే రాసిండ్రు గదా."

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నేనే అని మీరు ఒప్పుకుంటిరి. ఇంక నేనేం చెప్పాలె?" అని ఆఖరి కాగితం తిప్పి, బోర్డు మీద నేను రాసే వాక్యం మీద వేలు పెట్టింది. "గిది కొట్టెయ్యిండ్రి సార్. ఆ రోజు మీ చెయ్యిని అనుమానించింది మీరు గాదు, నేను."